చవక టికెట్టు, ఖరీదైన టోపీ

ముందుగా ఒక మనవి. నా రాతలో తప్పులు దొర్లుతాయి, మన్నించాలి. డెబ్బై దాటాక అక్షరాలు పట్టుకున్నదాన్ని. నేనొక పేజీ రాసేలోగా మా పక్కింటావిడ స్వెట్టరుకి ఒక చెయ్యి అల్లేస్తుంది. లైబ్రరీలో మాలాంటి ముసలి విద్యార్థులకి చదువు చెప్పే మిసెస్ ఆడ్‌కాక్, "మీకు జరిగినదే రాయండి బెరిల్, ఊహించి కష్టపడకండి" అంది. నాకు జరిగినవన్నీ నవ్వులపాలయ్యేవే అన్నాను. "అయితే 'నేను' అని రాయకండి, 'బెరిల్' అని రాయండి. ఎవరో అనుకుని నవ్వుకోవచ్చు" అంది. ఆ సలహా బాగా పనిచేసింది. రాస్తూ రాస్తూ నేనే చాలాసార్లు నవ్వాను. మీరూ మొహమాటపడకండి.

బెరిల్ టోస్‌లాండ్ తన చెల్లెలి పెళ్ళికని రెండు వస్తువులు కొంది. ఒకటి టోపీ, రెండోది రైలు టికెట్టు. టోపీ ఊదారంగుది. దాని పక్కన మూరెడు ఈక. దాని ధర వింటే పోయిన మొగుడు లేచి కూర్చుంటాడు. ఆ పాపం కడుక్కోవడానికి టికెట్టు మాత్రం దొరికినవాటిలోకెల్లా చవకది కొంది. కెటరింగ్ నుంచి లండన్‌కి, రానూపోనూ. పొద్దున ఆఫీసులకి పోయే జనం రద్దీ తగ్గాక ఎక్కాలి, సాయంత్రం వాళ్ళంతా ఇళ్ళకి చేరాక తిరిగి రావాలి. ఆ వేళల్లోనే ఆ టికెట్టు చెల్లుతుంది. రద్దీ వేళ బండెక్కితే పెద్ద టికెట్టుకీ దీనికీ ఉన్న తేడా కట్టాలి. పెళ్ళి మధ్యాహ్నం రెండింటికి కాబట్టి తొందరేమీ లేదు. టికెట్టు బల్ల మీద పెట్టుకుని, దాని మీదున్న ప్రతి ముక్కా వేలు పెట్టి చదివి, తన తెలివికి తనే మురిసిపోయింది.

చెల్లెలు నోరీన్‌కి ఇది రెండో పెళ్ళి. డెబ్బైకి చేరువలో ఉంది. వరుడు క్లైవ్ పెనంట్, రిటైరైన బస్సు డ్రైవరు. ఆరేళ్ళప్పుడు జమైకా నుంచి అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చి, ఆ తరవాత లండన్‌లోని వాల్తమ్‌స్టో పేట దాటి కాపురం పెట్టని మనిషి. ఈ పెళ్ళిలో బెరిల్ సాక్షి సంతకం పెట్టాలి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

నోరీన్ మొదటి పెళ్ళిలోనూ సాక్షి బెరిలే కావలసింది. ఉన్నది ఒక్క అక్క. కానీ అప్పటికి ఆమెకి తన పేరు రాయడం రాదు. బూట్ల ఫ్యాక్టరీలో పైతోళ్ళు కుట్టే పనికి అక్షరాలతో పనిలేదు, సూది ఎటు పోవాలో తెలిస్తే చాలు. ఆరోజు రిజిస్ట్రారు కలం చేతికి ఇవ్వబోతుంటే పెళ్ళికూతురు మేలిముసుగులోంచే, "అయ్యో, మా అక్క కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది, పిన్ని పెడుతుంది సంతకం" అనేసింది. అప్పట్లో బెరిల్‌కి కళ్ళజోడే లేదు. గద్దచూపు ఆమెది. పిన్ని సంతకం పెట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు, బెరిల్ కేకు కోసే కత్తి వెతికే నెపంతో పక్కగదిలోకి పోయి కాసేపు గోడకేసి నిలబడింది.

ఇప్పుడు కళ్ళజోడూ ఉంది, రాయడమూ వచ్చింది. మూడు నెలలుగా కరెంటు బిల్లుల వెనకా, రొట్టె పొట్లాల మీదా తన పేరు రాసి రాసి సాధన చేసింది.

పెళ్ళి ముందురోజు సాయంత్రం నోరీన్ ఫోన్ చేసింది.

"అక్కా, కొంప మునిగింది. టైము మార్చేశారు. రెండింటికి కాదుట, పొద్దున పదకొండుకిట."

"పదకొండా! మరి నా టికెట్టు?"

"నీ టికెట్టు గొడవ నాకు చెప్పకు. పదకొండుకి నువ్వు లేకపోతే దారిన పోయేవాణ్ణి పిలిచి వాడి చేత పెట్టించేస్తారు సంతకం. మన తరవాత ఇంకా జంటలున్నాయి. ఎవరికోసమూ ఆగరు."

"దారిన పోయేవాడెందుకే? నేను రానూ?"

"ఏమో తల్లీ. అరపౌను మిగులుతుందంటే రేపటి బస్సు ఎక్కే రకానివి నువ్వు."

బెరిల్ ఫోను పెట్టేసి టికెట్టు వంకా, టోపీ వంకా చూసింది. ఆ టికెట్టు చెల్లే మొదటి బండి లండన్ చేరేసరికే పదకొండు కొట్టబోతుంటుంది. అక్కడినుంచి వాల్తమ్‌స్టో పోవాలి. దానికి ముందు బండి ఎక్కక తప్పదు. అది రద్దీబండి. ఎక్కి, తేడా కట్టేయాలి. కట్టేస్తే ఏముంది, మహాపాపమా?

వేరే ఎవరికైనా కాకపోవచ్చు. బెరిల్‌కి మాత్రం మహాపాపమే. ఎందుకంటే పోయిన మొగుడు లెన్ టోస్‌లాండ్ రైలు గార్డు.

బూట్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక లెన్ ఆ ఉద్యోగంలో చేరాడు. రోజూ సాయంత్రం సాసేజీలూ బఠానీలూ తింటూ, ఆరోజు చవక టికెట్టుతో రద్దీబండిలో దొరికినవాళ్ళ సాకులు వరసగా చెప్పేవాడు. గడియారం ఆగిపోయిందన్నవాడు. నాయనమ్మ చనిపోయిందన్నవాడు, అదే నాయనమ్మ మూడుసార్లు. కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు పెదాలు కదిపిన పాదిరీ. లీసెస్టర్‌లో మరుగుదొడ్డిలో దూరి లండన్‌లో బయటికొచ్చిన మహాతల్లి. బెరిల్ పడీపడీ నవ్వేది. "సిగ్గులేని జనం! కట్టేస్తే పోదా?" అనేది. లెన్ ఫోర్కుతో గాలిలో పొడుస్తూ ఒకటే మాట అనేవాడు. "నేను అడక్కముందు తానే వచ్చి చెప్పేవాడు ప్రయాణికుడు. అడిగేదాకా కూర్చునేవాడు దొంగ."

లెన్ పోయాక అతని ఉచిత రైలు పాసూ పోయింది, నవ్వించే కబుర్లూ పోయాయి. ఆ మాట మాత్రం మిగిలింది. దానితోపాటు, దొంగ నిద్రని ఎలా కనిపెట్టాలో చెప్పిన చిట్కా ఒకటి మిగిలింది. నటించేవాడు నోరు మూసుకుని అందంగా నిద్రపోతాట్ట. నిజంగా నిద్రపోయేవాడి నోరు తెరుచుకుంటుందిట.

మర్నాడు బెరిల్ స్టేషనుకి చాలా ముందుగానే వెళ్ళింది. కౌంటరు దగ్గరే తేడా కట్టేసి దర్జాగా ఎక్కుదామని. అయితే కౌంటరు పక్క తలుపుకి నిలువెత్తు అద్దం ఉంది. అందులో టోపీ కనిపించింది. ఈక ఎడమకి వాలితే బాగుంటుందా, కుడికా? పిన్ను తీసి పెట్టి, పెట్టి తీసి, చివరికి ఈక నిటారుగా నిలబడేసరికి బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసింది. తేడా కట్టడం అటుంచి, కేకుడబ్బా చంకలో పెట్టుకుని పరుగెత్తి ఎక్కడమే గగనమైంది.

పెట్టెలో కాలుపెట్టే చోటు లేదు. అంతా లండన్ ఆఫీసులకి పోయే జనం. ఒకళ్ళ మొహం ఇంకొకళ్ళు చూడరు, మాట్లాడరు. తలుపు దగ్గర నిలబడి, ఎవరో పెద్దమనిషి ముక్కులోకి తన ఈక దూరుతుంటే, బెరిల్ గొంతు సవరించుకుంది.

"బాబూ, గార్డు ఎటువైపు ఉంటాడు?"

ఆ పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. ఆ బండిలో ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. "బహుశా... వెనకవైపు" అన్నాడు మెల్లిగా.

"కాస్త జరగండి, వెళ్ళాలి. నా దగ్గర తప్పు టికెట్టుంది."

పెట్టె మొత్తం ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకుంది. బెరిల్ వినపడలేదేమో అనుకుని గొంతు పెంచింది. "చవక టికెట్టండీ! ఈ బండికి చెల్లదు! నేనే వెళ్ళి చెప్పాలి, లేకపోతే దొంగనైపోతాను!"

కిటికీ పక్కనున్న అమ్మాయి ఆమె మోచెయ్యి ముట్టుకుంది. "ఊరుకోండి పెద్దమ్మా. ఈ రద్దీలో గార్డు రాడు. వచ్చినా ఏమీ అనడు."

"అదేనమ్మా నా భయం. రాకపోతే ఎలా?"

సరిగ్గా అప్పుడే పైనుంచి మైకు పలికింది. రద్దీ లేని వేళల టికెట్లు ఈ బండిలో చెల్లవని, అటువంటివారు సిబ్బందికి తెలియజేయాలని. ఎవరూ బెరిల్ వైపు చూడలేదు. ఎంత మర్యాదగా చూడలేదంటే ఆమె చెవులు టోపీరంగుకి తిరిగాయి. ఈక గుచ్చుకుంటున్న పెద్దమనిషి ఇక భరించలేక, సీట్లో కూర్చున్న కుర్రాడెవరితోనో గుసగుసలాడాడు. వాడు లేచాడు.

"కూర్చోండి."

"వద్దు నాయనా, గార్డు దగ్గరికి..."

"దయచేసి కూర్చోండి" అన్నాయి మూడు గొంతులు.

సీటిస్తే కాదనడం మర్యాద కాదు. బెరిల్ కూర్చుంది. కూర్చున్నాక లేవడం అంతకన్నా మర్యాద కాదు. కేకుడబ్బా ఒళ్ళో పెట్టుకుని, గార్డు కనబడగానే చెయ్యెత్తి పిలవాలని సిద్ధంగా ఉంది. చెప్పవలసిన మాటలు కూడా వల్లె వేసుకుంది. "అయ్యా, నేను లెన్ టోస్‌లాండ్ భార్యను. నేనే చెబుతున్నాను. మీరు అడగలేదు, గమనించండి."

బెడ్‌ఫర్డ్ దాటాక పెట్టె చివర తలుపు తెరుచుకుంది. "టికెట్లూ... టికెట్లు చూపించండీ" అని ఒక గొంతు.

ఆ సాగదీత లెన్‌దే. ఆ భుజాన సంచీ లెన్‌దే. మనిషి కుర్రాడు, గడ్డంవాడు, లెన్‌కీ అతనికీ పోలికే లేదు. కానీ ఆ "టికెట్లూ" వినగానే బెరిల్‌కి సాసేజీల వాసన వచ్చింది, బల్లకి అవతల లెన్ ఫోర్కు పట్టుకుని కనబడ్డాడు. చెయ్యి ఎత్తాలని చూస్తే లేవలేదు. డెబ్బై నాలుగేళ్ళు వచ్చిన ఆడమనిషి, సిగ్గులేని జనమని నలుగుర్ని నవ్వినామె, ఏం చేసిందో తెలుసా?

కళ్ళు మూసుకుంది.

అంతటితో ఊరుకుందా? నోరు తెరిచింది. మొగుడు చెప్పిన వృత్తిరహస్యం కదా, దాన్ని మొగుడి జాతివాడి మీదే ప్రయోగించింది. పైగా చిన్న గురక ఒకటి కలిపింది. అది లెన్ చెప్పింది కాదు, ఆమె సొంత కవిత్వం.

అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. పెట్టె ఊపిరి బిగబట్టింది. ఇందాక దొంగనైపోతానని అరిచిన మనిషి ఇప్పుడు దొంగనిద్ర పోతున్నదని ఆ పెట్టెలో ప్రతివాడికీ తెలుసు. ఒక్కరు దగ్గితే చాలు. ఎవరూ దగ్గలేదు.

"పాపం, టోపీ చూస్తే పెళ్ళికి పోతున్నట్టున్నారు" అన్నాడు గార్డు. "నిద్రపోనీండి." అడుగులు వెళ్ళిపోయాయి.

బెరిల్ కళ్ళు తెరవలేదు. తెరిస్తే వాళ్ళందరి మర్యాదకి ఎదురుగా కూర్చోవాలి. నోరు ఎండి, మెడ పట్టేసి, లండన్ దాకా అలాగే ఉంది. బండి ఆగాక కూడా పెట్టె ఖాళీ అయ్యేదాకా లేవలేదు. కిటికీ పక్క అమ్మాయి దిగుతూ చెవి దగ్గర, "గురక చాలా బాగా వచ్చింది పెద్దమ్మా" అంది.

ప్లాట్‌ఫాం చివర గేట్లున్నాయి. టికెట్టు లోపల పెడితే తలుపులు తెరుచుకుంటాయి. ఆమెది పెడితే తెరుచుకోవు, కుయ్యిమంటుంది. సరే, చేసిన తప్పు చాలు, ఇక్కడైనా నేనే వెళ్ళి కట్టేస్తాను అనుకుంది. గేట్ల పక్కన ఒక గదికి కిటికీ ఉంది. పైన పెద్ద అక్షరాలతో తేడా సొమ్ము ఇక్కడ కట్టాలని రాసుంది. దాని ముందు చక్కటి క్యూ ఉంది. తొమ్మిదిమందో పదిమందో, ఒకరి వెనక ఒకరు, మధ్యలో మర్యాదకి సరిపడా దూరం వదిలి నిలబడ్డారు. క్యూ కనిపించగానే బెరిల్ ప్రాణం కుదుటపడింది. క్యూలో నిలబడ్డ మనిషి తప్పు మనిషి ఎలా అవుతుంది?

"మీరేనా చివర?" అని ముందున్న, కోటు తొడుక్కున్న ఆవిణ్ణి అడిగింది.

"నేనే చివర. ఇప్పుడు మీరు" అంది ఆవిడ.

నిలబడ్డారు. క్యూ కదల్లేదు. ఎవరూ అడగలేదు. పక్కనే స్తంభానికి కాగితాలు అంటించి ఉన్నాయి. బెరిల్ కళ్ళజోడు పెట్టుకుని పళ్ళపొడి ప్రకటన ఒకటి మొదటినుంచి చివరిదాకా కూడబలుక్కుంటూ చదివి, ఒక్క మాట దగ్గర కూడా ఆగనందుకు తనలో తాను సంతోషించింది. వెనక ఇంకో ముగ్గురు చేరారు. గోడ గడియారం మాత్రం క్యూలో లేదు, అది కదులుతూనే ఉంది. వాల్తమ్‌స్టోలో నోరీన్ మెట్లమీద నిలబడి దారి చూస్తున్నట్టు, దారిన పోయేవాడెవడో కలం అందుకుంటున్నట్టు అనిపించింది ఆమెకి.

"చాలా ఆలస్యం చేస్తున్నారు కదూ" అంది కోటావిడతో.

"చేస్తున్నారు" అంది ఆవిడ. అంతకన్నా పెద్ద తిరుగుబాటు ఆ క్యూలో జరగలేదు.

ఇంతలో పక్క ప్లాట్‌ఫాం మీదికి ఇంకో బండి వచ్చింది. బెరిల్ బోర్డు చదివింది. అది తరవాతి బండి. ఆమె టికెట్టు చెల్లే బండి! చవక టికెట్టు కొని, చవక వేళలో ఎక్కి, హాయిగా కూర్చుని వచ్చిన జనం నవ్వుకుంటూ దిగి, గేట్లలో టికెట్లు పెట్టి, ఆమె కళ్ళముందే బయటికి పోతున్నారు. తను ముందొచ్చి సాధించిందల్లా పళ్ళపొడి గురించిన పరిజ్ఞానం.

ఇక ఆగలేకపోయింది. జీవితంలో మొదటిసారి క్యూ వదిలి, అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ ముందుకి నడిచి, మొట్టమొదట నిలబడ్డ మనిషి భుజం తట్టింది. ఆయన కిటికీకి ఆనుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"అయ్యా, మీ పని ఎంతవరకు వచ్చింది?"

"నా పనా? పనేం లేదే" అన్నాడాయన పేపరు దించి. "మా ఆవిడ మరుగుదొడ్డికి వెళ్ళింది. ఎదురుచూస్తున్నాను." అప్పుడు వెనక్కి తిరిగి, తన వెనకున్న వరసని మొదటిసారి చూశాడు. "వీళ్ళంతా ఎవరు?"

ఆయన పక్కకి జరగ్గానే కిటికీ అద్దం మీద కాగితం కనబడింది. ఈ కిటికీ మూసి ఉంది, గేటు దగ్గర కట్టండి, అని. అదే కాగితం ఇంకొకటి ఆ స్తంభానికి కూడా ఉందని బెరిల్ తరవాత గమనించింది. పళ్ళపొడికి సరిగ్గా పైన.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ విసుక్కోలేదు. అందరూ తాము ఎన్నడూ ఆ క్యూలో లేనట్టే, ఏదో దారిన పోతున్నట్టే, పక్కలకి చూసుకుంటూ జారుకున్నారు. కోటావిడైతే గడియారం చూసుకుని ఆశ్చర్యపడింది కూడా.

గేటు దగ్గర నల్లటి తలగుడ్డ కట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంది. రొమ్ముమీద చీటీలో ఫరీదా అని ఉంది. బెరిల్ టికెట్టు చాచింది.

"ఏముందమ్మా, పెట్టండి, తెరుచుకుంటుంది" అంది ఫరీదా. "ఈ వేళకి చెల్లుతుంది."

నిజమే. ఇప్పుడు చెల్లుతుంది. ఇప్పుడొచ్చిన బండిలోంచి దిగినట్టే లెక్క. పెడితే తలుపు తెరుచుకుంటుంది, పరుగెత్తితే పెళ్ళి చివరనైనా అందుకోవచ్చు. బెరిల్ చెయ్యి గేటుదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆమె నోటి నిండా ఇంకా ఆ గురక ఉంది.

"నేను ఈ బండిలో రాలేదమ్మా. ముందు బండిలో వచ్చాను. తేడా కట్టాలి."

"ముందు బండి వచ్చి అరగంటయింది. ఇంతసేపూ ఏం చేశారు?"

"క్యూలో నిలబడ్డాను."

"ఏ క్యూ?"

బెరిల్ వెనక్కి చూపించింది. అక్కడ పేపరు చదివే మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఫరీదా ఆమె టోపీ వంకా, కేకుడబ్బా వంకా జాలిగా చూసింది. "పోనీండమ్మా. ఎండ దెబ్బేమైనా తగిలిందా? వెళ్ళండి, పెళ్ళికేగా?"

"పెళ్ళికే. ఆలస్యమైపోయింది. తేడా తీసుకో తల్లీ, దండం పెడతాను!"

"కట్టమని అడిగితే పారిపోయేవాళ్ళని చూశాను గానీ, ఇలా వెంటపడేవాళ్ళని..." ఫరీదా నిట్టూర్చి నడుముకున్న మిషను తీసింది. "కార్డా, నగదా?"

మిషను కిర్రుమంటూ కాగితం కక్కింది. అంతే. తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, మీ ఆయన ఉంటే ఎంత బాధపడేవాడో అనలేదు. అప్పటిదాకా కూడబెట్టుకున్న పశ్చాత్తాపం మొత్తం బెరిల్ చేతిలోనే మిగిలిపోయింది. ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు. "నేను నిద్ర నటించాను" అంది ఊరికే ఉండలేక.

"మంచిదమ్మా" అంది ఫరీదా. "తరవాతి వాళ్ళు."

భూగర్భ రైలులో తలుపు పక్కనే నిలబడి వచ్చింది. వాల్తమ్‌స్టోలో దిగి టౌన్‌హాలు దాకా ఒగర్చుకుంటూ నడిచేసరికి పదకొండు ఎప్పుడో దాటిపోయింది. మెట్లమీద ఎవరూ లేరు. లోపలినుంచి ఎవరో జంట నెత్తిన బియ్యం చల్లించుకుంటూ దిగి వచ్చారు, వాళ్ళు నోరీన్, క్లైవ్ కారు. అయిపోయింది, అనుకుంది బెరిల్. దారిన పోయేవాడు పెట్టేశాడు. మెట్టుమీద కూలబడింది. టోపీ ఈక విరిగి కంటికడ్డం పడింది. దాన్ని సరిచేసే ఓపిక కూడా లేదు.

"అక్కా! ఏయ్ అక్కా! అక్కడేం చేస్తున్నావ్?"

రోడ్డుకి అవతల కాఫీకొట్టు గుమ్మంలో నోరీన్. పెళ్ళిగౌను మీద ఎవరిదో మగవాళ్ళ కోటు, జుట్టుకి ఇంకా రోలర్లు, చేతిలో సగం కొరికిన బేకన్ శాండ్‌విచ్.

బెరిల్ రోడ్డు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. "అయిపోయిందా? ఎవడు పెట్టాడు సంతకం?"

"ఏం అయిపోయింది?"

"పెళ్ళే!"

"టైము మార్చింది పన్నెండున్నరకి కదా" అంది నోరీన్, శాండ్‌విచ్ నములుతూ.

"పదకొండన్నావు!"

"నీకు పదకొండన్నాను. క్లైవ్ తమ్ముడికి పదిన్నరన్నాను. వాడింకా రాలేదు చూడు."

లోపల బల్ల దగ్గర కూర్చున్న క్లైవ్ టీకప్పు ఎత్తి, "వదినగారూ, నాక్కూడా పదకొండనే చెప్పింది. పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాను" అన్నాడు.

బెరిల్ కుర్చీలో పడి చేతిలో రశీదు బల్లమీద పెట్టింది. పన్నెండున్నర! చవక టికెట్టు బండిలోనే హాయిగా కూర్చుని వచ్చి ఉండొచ్చు. ఈక విరక్కుండా ఉండేది. "నేను నోరు తెరుచుకుని నిద్ర నటించానే!" అంది ఏడుపు గొంతుతో. "గురక కూడా పెట్టానే! ఎవడో పెళ్ళాం కోసం నిలబడితే వాడి వెనక అరగంట నిలబడ్డానే!"

నోరీన్ నవ్వి నవ్వి రోలరు ఊడిపడింది. తరవాత అక్క పక్కన కూర్చుని, విరిగిన ఈకని టోపీ పట్టీలోకి దోపింది.

"నువ్వు రావేమోనని భయం వేసిందక్కా. చివరి నిమిషంలో చెయ్యి వణుకుతోందనో, బండి దొరకలేదనో ఆగిపోతావేమోనని. ముందు వస్తే ధైర్యం చెప్పుకోవడానికి టైముంటుందనుకున్నాను. నీ కోసం నేనాడిన అబద్ధాల్లో ఇది రెండోది."

"మొదటిది కళ్ళజోడు" అంది బెరిల్.

"అదే. కళ్ళజోడు తెచ్చావా?"

తెచ్చింది. పన్నెండున్నరకి క్లైవ్ తమ్ముడు పరుగున వచ్చి, తనకి ఆలస్యమేమీ కాలేదని తెలిసి చాలా కోపగించుకున్నాడు. పెళ్ళయింది. అతను మొదట సంతకం పెట్టాడు, మెరుపులా ఒక గీత గీసి కలం విసిరాడు. తరవాత బెరిల్ కూర్చుంది.

రొట్టె పొట్లాల మీద రాయడం వేరు. ఇక్కడ కాగితం తెల్లగా, చల్లగా ఉంది. మొదటి పేరు రాసింది. ఊపిరి పీల్చుకుంది. రెండో పేరు సగంలో ఉండగా, తరవాతి జంట తాలూకు జనం తలుపు సందులోంచి తొంగిచూడడం కనిపించింది. పూలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు. ఆమె చెయ్యి ఆగింది.

"వెనక క్యూ ఉందే" అంది గుసగుసగా.

"ఉంటే ఉండనీ" అంది నోరీన్. "నువ్వే ముందున్నావు. పని ఉన్నదానివే కదా ఈసారి. కానీ."

బెరిల్ మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటే, దేని గుండ్రం దానికి చేసి, చివరి అక్షరం కాలు కాస్త పొడుగు లాగి, కలం కింద పెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తడి ఉన్నది అద్దాల మీద కాదు.

ఎప్పుడైనా ఇలాంటి వేడుకలకి వెళ్తే బెరిల్ కేకు ముక్క తినగానే బండి టైమైందని లేచిపోయే మనిషి. ఆరోజు లేవడానికి లేదు. చవక టికెట్టు సాయంత్రం రద్దీ తగ్గేదాకా చెల్లదు. ఇంకోసారి తేడా కట్టే ఉద్దేశం ఆమెకి ఏ కోశానా లేదు. అంచేత క్లైవ్ వాళ్ళ అక్కయ్య వండిన మేకమాంసం కూర రెండుసార్లు వడ్డించుకుంది, పేరు తెలియని పాటకి క్లైవ్ తమ్ముడితో నాట్యం చేసింది. రైల్వే రూలు పుణ్యమా అని ఆమె వెళ్ళిన పెళ్ళిళ్ళన్నిటిలోకీ చివరిదాకా ఉన్నది ఇదే.

తిరుగుబండిలో సీటు దొరికింది. వేసవి సాయంత్రం, బయట ఇంకా వెలుతురుంది. టికెట్టు చేతిలో పట్టుకుని, గార్డు రాకముందే చాచి చూపించాలని సిద్ధంగా కూర్చుంది. ఈసారి సరైన టికెట్టు, సరైన బండి, సరైన వేళ. లెన్ చూస్తే మెచ్చుకునేవాడు.

"అమ్మా. అమ్మా, లేవండి."

నెరిసిన మీసాల గార్డు వంగి చూస్తున్నాడు. టికెట్టు ఇంకా చేతిలోనే ఉంది. కిటికీ బయట బోర్డు మీద మార్కెట్ హార్బరో అని ఉంది. కెటరింగ్ వెనకెక్కడో దాటిపోయింది.

బెరిల్ దిగ్గున లేచి పర్సు తెరిచింది. "నేనే చెబుతున్నాను! నా టికెట్టు ఇక్కడిదాకా లేదు! తేడా ఎంత?"

"ఏం తేడా అమ్మా, దిగి అవతల ప్లాట్‌ఫాం మీద వెనక్కిపోయే బండి ఎక్కండి. నేను చెబుతాను వాళ్ళకి."

"అలా ఎలా? నేను నిద్ర నటించానేమో అనుకోరూ?"

గార్డు నవ్వి కేకుడబ్బా అందించాడు. "నోరు తెరుచుకుని పడుకున్నారమ్మా. అసలైన నిద్రే. మా ఉద్యోగంలో అది కనిపెట్టడం తెలియనిదెవరికి?"

బెరిల్ డబ్బా అందుకుని, నోరు గట్టిగా మూసుకుని దిగింది.

బెరిల్ టోస్‌లాండ్
వయసు డెబ్బై అయిదు
ప్రస్తుతం కెటరింగ్‌లోనే, స్టేషనుకి నడిచివెళ్ళేంత దూరంలో ఉంటోంది